వంశధార వెంట మూడు రోజులు: ముందు తిరుగు బస్సు కనుక్కోండి

శ్రీకాకుళం చూడ్డానికి వచ్చేవాళ్లు చాలామంది ఒకటే పని చేస్తారు. తెల్లవారుజామున విశాఖలో కారెక్కి, అరసవల్లిలో సూర్యనారాయణ స్వామికి దండం పెట్టుకుని, శ్రీకూర్మంలో నక్షత్ర తాబేళ్లని ఫోటో తీసుకుని, హైవే మీద ఎక్కడో బిర్యానీ తిని రాత్రికి ఇంటికి చేరిపోతారు. తప్పేం కాదు. కానీ ఆ కారు కిరాయి డబ్బుతో ఒక మనిషి ఇక్కడ మూడు రోజులు తిరగొచ్చు.

నాది చీపురుపల్లి వైపు పల్లెటూరు, ఉద్యోగం విశాఖలో. ఏడాదికి రెండు మూడుసార్లు చేతిసంచీ పట్టుకుని ఇటు వచ్చేస్తుంటాను. ఇక్కడ రాసేదంతా ఒకరిద్దరుగా తిరిగేవాళ్లకి, పల్లెవెలుగు బస్సులో కాసేపు నిలబడ్డానికి అభ్యంతరం లేనివాళ్లకి. నడవలేని పెద్దవాళ్లు, చంటిపిల్లలు వెంట ఉంటే మాత్రం కారే మేలు, మొహమాటపడకండి.

ముందు ఒక నదిని పట్టుకోండి

శ్రీకాకుళం సముద్రం పక్కన పొడుగ్గా సాగిన జిల్లా. ఈ కొస నుంచి ఇచ్ఛాపురం దాకా అన్నీ చుట్టేద్దామనుకుంటే రోజంతా బస్సులోనే గడిచిపోతుంది. అందుకే నేను చూడాల్సిన ఊళ్ల జాబితా రాసుకోను, ఒక నదిని ఎంచుకుంటాను. మొదటిసారి వచ్చేవాళ్లకైతే వంశధార. ఒడిశా కొండల్లో పుట్టి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. దాని ఒడ్డున ఎగువ నుంచి దిగువకి మూడు చోట్లున్నాయి: శ్రీముఖలింగం, శాలిహుండం, కళింగపట్నం. ఒకటి పాత రాజధాని, ఒకటి బౌద్ధుల కొండ, ఒకటి పాత రేవు. మూడింటికీ శ్రీకాకుళం టౌన్ నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావొచ్చు. అంటే ఒకే లాడ్జి, ఒకే గది. రోజూ సంచీ సర్దుకునే పని లేదు.

ఈ ఏటి ఒడ్డుకి గిడుగు రామమూర్తి పంతులుగారి పేరు కూడా ముడిపడి ఉంది. ఆయన 1863 ఆగస్టు 29న పుట్టిన పర్వతాలపేట శ్రీముఖలింగం దగ్గరి ఊరే. శాలిహుండం కొండ మీది బౌద్ధ శిథిలాలని 1919లో వెలుగులోకి తెచ్చిందీ ఆయనే. వాడుక భాష కోసం పోట్లాడిన మనిషి పుట్టిన చోటు కదా, బస్సులో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోకండి.

ఎప్పుడు రావాలి, ఎప్పుడు రాకూడదు

నవంబరు చివర్నుంచి ఫిబ్రవరి వరకు హాయి. అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని ఎలా పడగొట్టిందో అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్తారు. ఆ రెండు నెలల్లో వస్తే వాతావరణ హెచ్చరిక చూసుకుని రండి. అల్పపీడనం అన్న మాట వినపడితే ప్రయాణం వారం వెనక్కి జరపండి.

జనం వద్దనుకుంటే కొన్ని రోజులు తప్పించాలి. అరసవల్లికి ఆదివారాలు, రథసప్తమి. శ్రీముఖలింగానికి మహాశివరాత్రి, ఆ తర్వాత జరిగే చక్రతీర్థ స్నానం, కార్తీక సోమవారాలు. విజయనగరం కూడా కలుపుకుందామనుకుంటే దసరా తర్వాత వచ్చే మంగళవారం, అంటే పైడితల్లి అమ్మవారి సిరిమాను రోజున, గది దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకండి. మామూలు మంగళ, బుధ, గురువారాలు నాకు బాగా కలిసొచ్చాయి.

దిగడం

రైలు టికెట్టు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది. ఆ స్టేషను ఉన్నది ఆమదాలవలసలో. టౌన్ అక్కడికి దాదాపు 13 కిలోమీటర్లు. కొత్తవాళ్లు దిగాక ప్లాట్‌ఫాం మీద కంగారుపడుతూ కనిపిస్తారు. ఏం అక్కర్లేదు, స్టేషను బయట బస్సులు, ఆటోలు ఉంటాయి. విశాఖ నుంచి పాసింజరు బండి చవక, బస్సు సుఖం, ఎందుకంటే బస్సు నేరుగా టౌన్లో కాంప్లెక్సు, అంటే ఆర్టీసీ బస్టాండు, దగ్గర దింపుతుంది. రెండున్నర, మూడు గంటల ప్రయాణం.

కాంప్లెక్సుకి నడిచి వెళ్లగలిగే దూరంలో లాడ్జి చూసుకోండి. డబ్బులిచ్చే ముందు గది తెరిపించి మూడు చూడండి: కుళాయిలో నీళ్లు, ఫ్యాను, తలుపు గడియ. రోడ్డు వైపు గది వద్దని చెప్పండి. ఆధార్ కార్డు చేతిలో ఉండాలి. అంతే, గది గురించి ఇంతకంటే ఆలోచించక్కర్లేదు, పడుకోడానికే కదా.

ఇప్పుడు అసలు సంగతి: బస్సు

ఊళ్లకి వెళ్లడం ఎప్పుడూ సులువే. రావడమే కష్టం. ఈ పాఠం నేను వంశధార ఒడ్డున ఒక పల్లెలో నేర్చుకున్నాను. సాయంత్రం ఏటిగట్టు మీద కూర్చుని, రాత్రి ఏడింటికి ఒక బస్సు వస్తుందని టీ కొట్టాయన చెప్పాడు కదా అని ధీమాగా ఉన్నాను. చెప్పినట్టే వచ్చింది. జనం దిగారు. నేను ఎక్కి కూర్చున్నాను. డ్రైవరు ఇంజను ఆపేసి, తువ్వాలు భుజాన వేసుకుని నా వైపు చూశాడు.

"ఎటెల్లాలి బాబూ?"

"శ్రీకాకుళం."

"ఇది నైట్ హాల్ట్ బండి బాబూ. రేపు తెల్లారగట్ల కదుల్తాది."

బస్సు ఊరికి రావడం వేరు, ఊరి నుంచి పోవడం వేరు. పల్లెల్లోకి సాయంత్రం వెళ్లే బస్సుల్లో కొన్ని రాత్రికి అక్కడే పడుకుని, తెల్లవారుజామున కూరగాయలవాళ్లనీ కాలేజీ పిల్లలనీ ఎక్కించుకుని టౌన్‌కి వస్తాయి. టీ కొట్టాయన అబద్ధం చెప్పలేదు, నేనే సరిగ్గా అడగలేదు. ఆ రాత్రి పాల క్యాన్ల పక్కన ఒక ట్రాలీ ఆటోలో హైవే దాకా చేరి, అక్కడ ఇంకో బస్సు పట్టుకున్నాను.

అప్పట్నుంచి ఊళ్లో దిగీ దిగగానే, గుడి వైపు ఒక్క అడుగు వేయకముందే, ఈ ప్రశ్న అడుగుతాను: "ఇక్కణ్ణుంచి శ్రీకాకుళం వెళ్లే ఆఖరి బస్సు ఎన్నింటికి? దానికి ముందు బస్సు ఎన్నింటికి?" ఒకసారి దింపిన కండక్టరుని, ఒకసారి బస్సు ఆగేచోట ఉన్న కిళ్లీ కొట్టులో. ఇద్దరి మాటా కలిస్తే సరే. కలవకపోతే ముందు టైమే నమ్మండి. ఇక ఆఖరి బస్సుకి ముందుదే మీ ఆఖరి బస్సు. అసలు ఆఖరిది ఉన్నట్టే లెక్కలోకి తీసుకోకండి, పెళ్లిళ్ల రోజుల్లో అది కిక్కిరిసి వస్తుంది, ఒక్కోసారి రాదు కూడా. ఫోన్‌లో మ్యాపు దారి చూపిస్తుంది, పల్లెవెలుగు టైము చూపించదు.

ఆటో విషయంలో ఒక్క మాట తేడాతో డబ్బు మారిపోతుంది. "శాలిహుండం వస్తావా?" అని అడిగితే ఆటో మొత్తం మీకే కిరాయి. "సర్వీసు ఆటోయేనా, సీటుకెంత?" అని అడిగితే పదిమందితో పాటు మీరూ ఒకరు. ఆటో నిండేదాకా కదలదు, ఆ ఓపిక ఉండాలి.

చిల్లర దగ్గర పెట్టుకోండి. పొద్దున్నే కండక్టరుకి ఐదొందల నోటు ఇస్తే ఆయన టికెట్టు వెనకాల బాకీ రాసిస్తాడు, మీరు దిగేటప్పుడు కిటికీలోంచి బయట చూస్తూ మర్చిపోతారు. ఇది నాకు ఒకసారి కాదు, మూడుసార్లు జరిగింది.

ఆడవాళ్లకి ఇంకో వెసులుబాటు ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆంధ్రప్రదేశ్‌లో ఉంటున్నట్టు గుర్తింపు కార్డు చూపించి, కండక్టరు ఇచ్చే సున్నా టికెట్టు తప్పకుండా తీసుకోవాలి. మా అక్క ఈ పథకం వచ్చాక నాకంటే ఎక్కువ తిరుగుతోంది.

మొదటి రోజు: శ్రీముఖలింగం

టౌన్ నుంచి 46 కిలోమీటర్లు. నరసన్నపేట మీదుగా వెళ్లండి. నేరుగా బస్సు దొరక్కపోతే నరసన్నపేటలో మారాలి. ఏడింటికల్లా బయల్దేరితే మంచిది, ఎందుకంటే మధ్యాహ్నం గర్భగుడి మూసేస్తారు. ఆలస్యమైతే బయటి శిల్పాలు చూస్తూ మళ్లీ తెరిచేదాకా కూర్చోవాలి. నన్నడిగితే అదీ నష్టమేం కాదు.

ఊళ్లో మూడు గుళ్లున్నాయి: మధుకేశ్వరుడు, సోమేశ్వరుడు, భీమేశ్వరుడు. మధుకం అంటే ఇప్ప చెట్టు, స్వామి ఇప్ప చెట్టులో వెలిశాడన్న కథ పేరులోనే ఉంది. లింగం వెనక పెద్ద మట్టి గోలెం ఉంటుంది, దాని వెనక ఒక కుమ్మరి కథ ఉంది, అర్చకుల్ని అడిగి వినండి. తూర్పు గంగరాజుల రాజధాని కళింగనగరం ఇదేనని చరిత్రకారులు ఎక్కువమంది చెప్తారు. 12వ శతాబ్దంలో చోడగంగదేవుడి కాలంలో రాజధాని కటకానికి మారిపోయింది. గుడి శిఖరం చూస్తే భువనేశ్వరం గుర్తొస్తే అందులో వింతేం లేదు.

వచ్చినవాళ్లు మధుకేశ్వరుణ్ణి చూసి వెనక్కి తిరిగిపోతారు. మీరు సోమేశ్వరాలయం దగ్గర కనీసం గంట ఉండండి. మండపం లేని ఒంటరి గుడి, గోడల నిండా శిల్పం. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడేటప్పుడు బొమ్మల అంచులు తేలి కనిపిస్తాయి. అక్కణ్ణుంచి ఏటి ఒడ్డుకి నడవండి. నది ఎండాకాలంలో ఇసుక, వానాకాలంలో సముద్రం. నీళ్లు తక్కువగా కనిపించినా తెలియని రేవులో దిగకండి.

ఊరివాళ్లు పలకరిస్తారు. మొదటి ప్రశ్న "ఏ ఊరు బాబూ?", రెండోది "ఎవరింటికొచ్చారు?" ఎవరింటికీ కాదు, ఊరు చూడ్డానికి అని చెప్తే, "ఈ ఊర్లో ఏటుంది బాబూ చూడ్డానికి!" అని నవ్వుతారు. ఆ తర్వాత వాళ్లే అరగంట కూర్చోబెట్టి ఊరి సంగతులన్నీ చెప్తారు. అలా కూర్చున్నప్పుడే బస్సు టైము మర్చిపోయేది, జాగ్రత్త.

రెండో రోజు: శాలిహుండం, కళింగపట్నం

ఈ రెండూ గార మండలంలోనే ఉన్నాయి. పొద్దున కొండ, సాయంత్రం సముద్రం. తిరగేస్తే ఎండలో కొండెక్కాల్సొస్తుంది.

శాలిహుండం పెద్ద కొండేం కాదు, నెమ్మదిగా ఎక్కినా తొందరగానే పైకి చేరతారు. పైన ఇటుకల స్తూపాలు, చైత్యం అనే గుండ్రటి ప్రార్థన మందిరం, భిక్షువులుండే విహారాల పునాదులు వరసగా ఉంటాయి. ఇక్కడ తవ్వకాల్లో ధాతు కరండాలు (అస్థికలు దాచే పెట్టెలు), తార, మారీచి లాంటి దేవతల విగ్రహాలు బయటపడ్డాయి. అంటే తొలినాటి బౌద్ధం మొదలుకుని తాంత్రిక బౌద్ధమైన వజ్రయానం దాకా అన్ని దశలూ ఈ ఒక్క కొండ మీద నడిచాయన్నమాట. అయితే శిథిలాల కంటే నాకు ఇష్టమైంది కొండ మీంచి కనిపించే వంశధార. భిక్షువులు ఈ చోటెందుకు ఎంచుకున్నారో అక్కడ నిలబడితే ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. దిగువన రేవు, ఓడలు, వర్తకులు. పైన గాలి, నిశ్శబ్దం. భిక్షకి వెళ్లడానికి దగ్గర, ధ్యానానికి కావలసినంత దూరం.

కొండ మీద తిండి దొరుకుతుందనుకోకండి. లీటరున్నర నీళ్లు, పులిహోర పొట్లం, రెండు అరటిపళ్లు టౌన్ నుంచే తెచ్చుకోండి. ఖాళీ సీసా మళ్లీ సంచీలోనే పెట్టుకోండి. ఇటుకల మీద ఎక్కి ఫోటోలు దిగేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, అవి రెండువేల ఏళ్ల నాటి ఇటుకలు.

కళింగపట్నం అక్కణ్ణుంచి పది కిలోమీటర్ల లోపే. నేరుగా బస్సు కోసం చూడకుండా దొరికిన ఆటో ఎక్కండి. అక్కడ లైట్‌హౌసు, ఇసుక మీద ఆరబెట్టిన వలలు, దూరంగా నది సముద్రంలో కలిసే చోటు. విశాఖ ఆర్కే బీచి చూసిన కళ్లకి ఇంత ఖాళీ తీరం ఉంటుందా అనిపిస్తుంది. కానీ ఖాళీగా ఉందంటే, మునిగితే లాగేవాళ్లు కూడా లేరనే అర్థం. సంగమం దగ్గర ప్రవాహం కాళ్ల కింద ఇసుకని లాగేస్తుంది. మోకాళ్ల లోతు దాటకండి, ఈత వచ్చినా సరే. వేటకి వెళ్లొచ్చిన మత్స్యకారులు వల విప్పుతుంటే దూరం నుంచి చూడండి. ఫోటో తీయాలంటే ముందు అడగండి. చేపలు కొంటామని బేరమాడి వదిలేయకండి, వాళ్లకది కాలక్షేపం కాదు.

చీకటి పడ్డాక తీరంలో ఉండాలని ఉంటుంది. మీ ఆఖరి బస్సు ఎన్నింటికో చూసుకోండి.

తిండీ, ఖర్చూ

పొద్దున టిఫిను, మధ్యాహ్నం మెస్సు భోజనం టౌన్లోనో నరసన్నపేటలోనో చేయండి. పల్లెల్లో భోజనం హోటలు ఉంటుందని లెక్కేసుకుంటే పస్తే. సాయంత్రం బస్సు ఆగేచోట వేయించిన శెనగకాయలు, ఉడకబెట్టినవి కాలాన్ని బట్టి దొరుకుతాయి. వేసవిలో వస్తే ముంజెలు, ఈతపళ్లు, జీడిమామిడి పళ్లు. చోడి అంబలి అమ్మే చోటు కనిపిస్తే ఆగండి. మిగతా తెలుగువాళ్లు రాగులు అనే వాటిని ఇక్కడ చోళ్లంటారు. చల్లటి అంబలిలో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కొరుక్కుంటే ఎండ దెబ్బ దగ్గరికి రాదు.

గది అద్దె పక్కన పెడితే బస్సులు, ఆటోలు, తిండి అన్నీ కలిపి రోజుకి నాలుగైదు వందలు నాకు సరిపోతున్నాయి. ఒక ఐదొందలు మాత్రం విడిగా జేబులో దాచండి. అది బస్సు తప్పిన రాత్రి ఆటో డబ్బు. ఫోన్‌లో డబ్బు కట్టే అలవాటు టీ కొట్లకి కూడా వచ్చేసింది కానీ సిగ్నలు లేనప్పుడు ఆటో డ్రైవరు ఎదురుగా నిలబడి ఫోను పైకెత్తి తిప్పడం అంత బాగుండదు.

ఇంకో రోజు చేతిలో ఉంటే

చలికాలమైతే టెక్కలి దగ్గర తేలినీలాపురం. పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లల్ని చేసుకుని మార్చి దాటేలోపు వెళ్లిపోతాయి. ఊరివాళ్లు వాటిని ఆడపడుచులు పుట్టింటికి వచ్చినట్టు చూసుకుంటారు. గట్టిగా మాట్లాడకుండా, మెరిసే రంగుల చొక్కా లేకుండా వెళ్లండి. ఆ పక్కనే రావివలసలో పైకప్పు లేకుండా ఎండలో ఉండే ఎండల మల్లికార్జునుడు.

రైలంటే ఇష్టమైతే విశాఖ నుంచి గుణుపురం పోయే పాసింజరు ఎక్కండి. నౌపడ దగ్గర మెయిన్ లైను వదిలి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా కొండల పక్కకి పోతుంది. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో ఆ సంస్థానం రాజావారు వేయించిన బుల్లి రైలు దారి ఇది, ఇప్పుడు బ్రాడ్‌గేజి. గిడుగువారు పాఠాలు చెప్పింది ఆ పర్లాకిమిడిలోనే. నౌపడ దగ్గర కిటికీ పక్క సీటుంటే ఉప్పు మళ్లు కనిపిస్తాయి.

విజయనగరం వైపు కూడా ఇదే పద్ధతి పనిచేస్తుంది. టౌన్లో గది తీసుకుని ఒక పూట 1713 నాటి కోట, గంటస్తంభం, గురజాడ అప్పారావుగారి ఇల్లు, ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాలుగా 1919లో మొదలైన సంగీత కళాశాల. అన్నీ నడిచి చూడొచ్చు. ఇంకో పూట రామతీర్థం, కింద రాముడి గుడి దగ్గర ఆగిపోకుండా గురుభక్తులకొండ మీది బౌద్ధ శిథిలాల దాకా. రెండో రోజు రాయగడ పాసింజరులో బొబ్బిలి. అక్కడ 1757 యుద్ధ స్మారకం అందరూ చూస్తారు, మీరు గొల్లపల్లి వెళ్లి పనస దుంగలోంచి వీణ ఎలా బయటికొస్తుందో చూడండి.

తిరుగు దారిలో పొందూరు

మూడో రోజు విశాఖ వైపు తిరిగి వెళ్లేటప్పుడు పాసింజరు బండిలో పొందూరులో దిగండి. తర్వాతి బండి టైము స్టేషన్లో చూసుకున్నాకే బయటికి నడవండి, ఇక్కడా సూత్రం అదే. ఇక్కడ కొండ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేస్తారు. ఆ సన్నటి పళ్ల దవడని చేతిలో పట్టుకుని చూస్తే తప్ప నమ్మబుద్ధి కాదు. దూది ఏకి, ఏకు చేసి, రాట్నం మీద వంద కౌంటు, అంటే బాగా సన్నటి, నూలు తీసే పని ఎక్కువగా ఆడవాళ్లదే. పొద్దున పూట వెళ్తే పని నడుస్తుంటుంది. కూర్చోమంటే కూర్చోండి, వాళ్లు చెయ్యి ఆపి మీకు చూపించాల్సిన పని పెట్టకండి. వాళ్ల కూలి నూలు లెక్క మీద ఉంటుంది.

కొనాలంటే ఊళ్లోని ఖాదీ సంఘం అమ్మకం దగ్గర బిల్లు తీసుకుని కొనండి. సన్న నూలు పంచె ధర వింటే మూడు రోజుల మీ ప్రయాణం ఖర్చు చిన్నదిగా కనిపిస్తుంది. బేరమాడకండి. అంత డబ్బు లేకపోతే చేతిరుమాలు కొనండి, నేను మొదటిసారి కొన్నది అదే.